నున్న గొట్టం తుపాకీలో సీసపు గుండును సురక్షితంగా దట్టించడం ఎలా

మూతి నుంచి మందు పోసి దట్టించే తుపాకీలో గొట్టం అడుగు శాశ్వతంగా బిగించి ఉంటుంది. తూటాల తుపాకీని మధ్యకు విరిచి వెలుతురుకు పట్టి చూసినట్టు దీని లోపలికి చూసే వీలు లేదు. లోపల మందు ఉందా, గుండు ఉందా, రెండూ ఉంటే అవి ఒకదానికొకటి ఆని ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగేది గజం ఒక్కటే. మందునూ గుండునూ అడుగుదాకా నెట్టే ఆ పొడవాటి కడ్డీని సరిగా వాడడం నేర్చుకుంటే ఈ తుపాకీలో వచ్చే ప్రమాదాల్లో చాలా వాటిని ముందే పసిగట్టవచ్చు.

రైఫిల్ గొట్టంలో ఉండే మెలి గాడులు ఇందులో ఉండవు కాబట్టి గుండును పట్టి ఆపేది చుట్టూ ఉన్న గుడ్డ, లేదా పైన వేసిన అట్ట బిళ్ల మాత్రమే. అవి వదులుగా ఉంటే, తుపాకీ మూతి కిందికి వంగిన క్షణంలో గుండు మందును వదిలి ముందుకు జారిపోతుంది. అలా గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఏర్పడిన తరువాత పేలిస్తే, ఆ గుండు గొట్టంలో అడ్డుగా దిగిన బిరడాలా ప్రవర్తిస్తుంది. గొట్టం ఆ చోట ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. ఎడమ చెయ్యి ఉండేది సాధారణంగా ఆ భాగంలోనే. అందువల్ల ఈ వ్యాసంలో మిగతా విషయాలకన్నా గుండు కూర్చున్న లోతుకే ఎక్కువ చోటు ఇచ్చాను.

తుపాకీని ముట్టుకునే ముందు

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మూతి నుంచి దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు తప్పనిసరి. హైదరాబాద్ నగరంలో ఆ లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. కమిషనరేట్లు లేని చోట జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టర్. ఆ చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు కొంత మినహాయింపు ఇస్తుంది కానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని వాటికే అది వర్తిస్తుంది. తాతగారి తుపాకీ పాతదే కదా, లైసెన్సు ఎందుకని అనుకునేవారు ఈ ఒక్క షరతును జాగ్రత్తగా చదవాలి. మందు కొనడం, నిల్వ పెట్టుకోవడం కూడా లైసెన్సులో రాసిన పరిమాణానికి లోబడి, లైసెన్సున్న డీలరు దగ్గరే జరగాలి. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు పేల్చడం 2019 సవరణ తరువాత రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడగల నేరం. వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నిషిద్ధం. కాబట్టి కింద చెప్పినదంతా అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్‌లో, లక్ష్యం వెనక గట్టి మట్టికట్ట ఉన్న చోట, కాగితపు లక్ష్యాన్ని కొట్టేవారి కోసమే. గచ్చిబౌలి రేంజ్ అయినా మరొకటి అయినా, పొగ వచ్చే నల్లటి తుపాకీ మందుకు అనుమతి ఉందో లేదో బయలుదేరక ముందే అక్కడి అధికారిని అడిగి తెలుసుకోండి.

1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీ రూపంలో ఒక పేటకు నిలిచిపోయిన నగరం ఇది. పాత కుటుంబాల ఇళ్లలో గోడకు వేలాడుతూనో, అటక మీద గుడ్డలో చుట్టి ఉంచినదో ఒక తుపాకీ ఇప్పటికీ కనిపిస్తుంటుంది. అటువంటి తుపాకీ విషయంలో మొదటి నియమం, అది దట్టించి ఉందనే అనుకోవడం. పొడిగా ఉన్న నల్లటి తుపాకీ మందు ఏళ్లు గడిచినా చెడిపోదు. చివరిసారి పేల్చని వేటు, అంటే ఒకసారి పేల్చడానికి దట్టించిన మందూ గుండూ, గొట్టంలో అలాగే ఉండిపోయి ఉండవచ్చు. అందువల్ల దాన్ని గోడ మీది నుంచి దింపి పిల్లలకు చూపిస్తూ గుర్రం (మీట నొక్కగానే పడి నిప్పు పుట్టించే సుత్తి లాంటి భాగం) ఎత్తి, మీట నొక్కే అలవాటును ఇంట్లో ఎవరికీ ఉండనీయకండి.

వారసత్వంగా వచ్చిన తుపాకీని లైసెన్సున్న తుపాకీల మెకానిక్ పరీక్షించి, పేల్చడానికి పనికివస్తుందని చెప్పేదాకా అది అలంకారంగానే ఉండాలి. గొట్టం లోపలి తుప్పు గుంటలు, అడుగు మరలో అరుగుదల, లోపలి మందుకు నిప్పు అందించే నిప్పు రంధ్రం సాగి వెడల్పవడం, సగం ఎత్తిన చోట గుర్రం నిలవకపోవడం అతను ముఖ్యంగా చూడవలసినవి. ఇనుప పట్టీలను మెలిపెట్టి, కాల్చి అతికించిన పాత గొట్టాలు చూడడానికి ఎంతో అందంగా ఉంటాయి కానీ, ఆ అతుకుల మధ్య తుప్పు ఎంత లోతుకు దిగిందో పైకి తెలియదు. నా అభిప్రాయంలో అటువంటి వాటి సరైన చోటు సాలార్‌జంగ్ మ్యూజియం లాంటి అద్దాల బీరువా; గుండు దట్టించడానికి కొత్త ఉక్కుతో చేసి, గొట్టం బలాన్ని తేల్చే ప్రూఫ్ పరీక్ష ముద్ర పడిన తుపాకీయే కావాలి.

ఏ మందు, ఏ గుండు, ఏ గుడ్డ

ఈ తుపాకీలో నల్లటి తుపాకీ మందు, లేదా దానికి బదులుగా వాడవచ్చని తయారీదారు స్పష్టంగా రాసినది తప్ప మరొకటి వెయ్యకూడదు. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందును చిటికెడు కలిపినా గొట్టం పగిలే ప్రమాదం ఉంది. దాని ఒత్తిడికి తట్టుకునేలా ఈ గొట్టాలను తయారు చెయ్యలేదు. దీపావళి టపాకాయలు విప్పి తీసిన మందు, అగ్గిపుల్లల తలలు, ఇంట్లో నూరిన మిశ్రమం కూడా అంతే. నాటు తుపాకీలు పేలి చేతులు పోయాయన్న వార్తలు చదివినప్పుడు జనం తుపాకీని తిట్టుకుంటారు కానీ, నాకు ముందు మందు మీదికే అనుమానం పోతుంది. టపాకాయల మందు రాపిడికే అంటుకోవచ్చు. గజంతో దట్టించడమంటే రాపిడే.

మందు గింజల పరిమాణాన్ని ఎఫ్ అక్షరాలతో సూచిస్తారు. అక్షరాలు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది, త్వరగా మండుతుంది. పెద్ద నున్న గొట్టాలకు సాధారణంగా రెండు ఎఫ్‌ల మందు, రాయి ఉక్కుకు రాసుకుని నిప్పు పుట్టే చెకుముకి తుపాకీలో రంజకానికి, అంటే గొట్టం బయటి గిన్నెలో పోసి ముందుగా అంటించే మందుకు, నాలుగు ఎఫ్‌ల మందు వాడతారు. రంజకపు మందును అసలు మందుగా గొట్టంలో పొయ్యకూడదు. ఎంత పొయ్యాలన్నది మీ తుపాకీ తయారీదారు పుస్తకంలో ఉన్న కనిష్ఠ మోతాదుతో మొదలవ్వాలి, గరిష్ఠాన్ని ఎప్పుడూ దాటకూడదు. కొలత గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాము. మందు కొలిచే చిన్న గొట్టాన్ని పావు అంగుళం ఎక్కువ నింపి "పర్వాలేదులే" అనుకునే చెయ్యి ఈ క్రీడకు తగదు.

గుండు మెత్తటి స్వచ్ఛమైన సీసంతో చేసినదై, గొట్టం కొలతకన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. 20 బోర్ (బోర్ అంటే గొట్టం వెడల్పును చెప్పే కొలత) గొట్టం లోపలి వ్యాసం 15.6 మిల్లీమీటర్లనుకుంటే, 15.1 మిల్లీమీటర్ల గుండుకు పావు మిల్లీమీటరు మందం గుడ్డ చుడితే రెండు వైపులా కలిపి ఆ ఖాళీ సరిగా నిండుతుంది. ఆ గుండు బరువు సుమారు 20 గ్రాములు. సైకిల్ బేరింగుల ఉక్కు గుండ్లు, మేకుల ముక్కలు, గులకరాళ్లు గొట్టాన్ని గీరుతాయి, ఇరుక్కుంటే కదలవు; వాటి ఊసే వద్దు. గుండు పోతపోసినప్పుడు తెగ్గొట్టిన చోట చిన్న మచ్చ మిగులుతుంది. దట్టించేటప్పుడు ఆ మచ్చ సరిగ్గా మూతి వైపుకు, నడిమధ్యన ఉండేలా పెట్టాలి.

గుడ్డ నూటికి నూరు పాళ్లూ నూలుది కావాలి. పాలిస్టర్ కలిసినది కరిగి గొట్టానికి అంటుకుంటుంది. దుకాణదారు కాటనేనని చెప్పినా ఒక పోగు తీసి కాల్చి చూడండి, నూలైతే బూడిదవుతుంది, పాలిస్టరైతే ముద్ద కడుతుంది. కొత్త గుడ్డలోని గంజి పోయేలా ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. దాన్ని తడపడానికి తేనెమైనాన్నీ కొబ్బరినూనె వంటి వంటనూనెనూ కలిపి కరిగించిన లేపనం సరిపోతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి, హైదరాబాద్ ఎండల్లో మైనం వాటా పెంచకపోతే లేపనం డబ్బాలోనే నూనెగా మారి, గుడ్డలోంచి కారి మందును తడిపేస్తుంది. ఇంజను నూనెల వంటి ఖనిజ తైలాలు ఈ మందు మసితో కలిసి తారులా గట్టిపడతాయి కనుక వాటిని వాడకండి.

గజం మీద రెండు గీతలు

రేంజ్‌కు వెళ్లక ముందే, ఇంట్లో మందు డబ్బా దగ్గర లేకుండా, ఈ పని పూర్తి చెయ్యండి. తుపాకీ ఖాళీగా ఉందని మీకు ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే గజాన్ని మెల్లగా లోపలికి వదిలి, అది దిగిన లోతుపై పట్టుకున్న వేలును అలాగే ఉంచి బయటకు తీసి, గొట్టం పక్కన పెట్టి కొలవండి. గజం కొస నిప్పు రంధ్రం దగ్గరికి చేరకపోతే లోపల ఏదో ఉంది. అప్పుడు దాన్ని మీరు ఏమీ చెయ్యకండి. అది మెకానిక్ చెయ్యవలసిన పని. దట్టించిన తుపాకీని దారిలో మోసుకువెళ్లడం ప్రమాదం కాబట్టి, ఆయనతో ముందు ఫోన్‌లో మాట్లాడి ఆయన చెప్పినట్టే నడచుకోండి.

ఖాళీ అని తేలిన తరువాత, గజాన్ని అడుగుకు ఆనించి, సరిగ్గా మూతి అంచు దగ్గర చాకుతో లోతుగా ఒక గీత గీయండి. అది ఖాళీ గీత. రెండోది, మీ నిర్ణీత మోతాదు మందూ గుడ్డ చుట్టిన గుండూ సరిగా కూర్చున్నప్పుడు మూతి అంచుకు వచ్చే గీత. దాన్ని రేంజ్‌లో మొదటి వేటు దట్టించినప్పుడు, అనుభవజ్ఞుడు పక్కన ఉండగా గీసుకోవాలి. రంగు పెన్నుతో గీసినవి నూనె చేతులకు రెండు రోజుల్లో చెరిగిపోతాయి.

ఈ రెండు గీతల మధ్య దూరం చాలా కబుర్లు చెబుతుంది. లెక్క తెలియడానికి 20 బోర్‌లో 60 గ్రెయిన్ల మందు పోశామనుకుందాం. అది సుమారు 3.9 గ్రాములు, గొట్టంలో రెండు సెంటీమీటర్ల ఎత్తు ఆక్రమిస్తుంది. గుండు మరో ఒకటిన్నర. అంటే సరైన దట్టింపులో గజం మూడున్నర సెంటీమీటర్లు పైకి తేలుతుంది. ఒకటిన్నర మాత్రమే తేలితే మందు పొయ్యడం మరచి గుండు దింపారు. అయిదున్నర తేలితే మందు రెండుసార్లు పోశారు, లేదా గుండు రెండు సెంటీమీటర్లు పైనే ఆగిపోయింది. ఏడు తేలితే లోపల రెండు వేట్లున్నాయి. కబుర్లలో పడి మొదటి వేటు పేలిందో లేదో గమనించకుండా రెండోది దట్టించేవారు ఈ క్రీడ ఉన్నంతకాలం ఉన్నారు, ముఖ్యంగా పక్కవాడి తుపాకీ అదే క్షణంలో పేలినప్పుడు. గీతను ప్రతి వేటుకూ చూడడానికి పట్టేది ఒక్క సెకను. గీత తేడాగా కనిపిస్తే కారణం తెలిసేదాకా క్యాప్ (గుర్రం దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) గానీ రంజకం గానీ పెట్టకండి.

దట్టించే క్రమం

కళ్లద్దాలూ చెవి రక్షణా పెట్టుకుని, నూలు బట్టల్లో ఉండండి. పొగతాగేవారు, అగరుబత్తీలు, మొబైల్ చార్జర్లు మందు బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. మందు డబ్బాను తుపాకీకి కొన్ని అడుగుల వెనక, మూత పెట్టి ఉంచండి. ప్రతిసారీ కొలిచిన వెంటనే మూత బిగించండి.

తుపాకీ లోపల నిల్వ కోసం రాసిన నూనె ఉంటుంది కనుక, ముందు పొడి గుడ్డలతో గొట్టాన్ని తుడవండి. క్యాప్ తుపాకీ అయితే, మూతిని నేలమీది ఒక ఎండుటాకు దగ్గరగా పెట్టి వట్టి క్యాప్ పేల్చండి; ఆకు ఎగిరితే నిప్పు దారి తెరుచుకుని ఉన్నట్టు. ఆకు కదలకపోతే మరొకటి పేల్చి, అప్పటికీ కదలకపోతే నిపుల్ (క్యాప్ తొడిగే రంధ్రమున్న మొన) విప్పి శుభ్రం చెయ్యండి. చెకుముకి తుపాకీ అయితే సన్నటి తీగతో నిప్పు రంధ్రాన్ని పొడిచి, రంజకపు గిన్నె పొడిగా తుడవండి.

బట్‌ను నేల మీద ఆనించి, మూతిని మీకూ పక్కవారికీ దూరంగా, కాస్త ముందుకు వంచి నిలబెట్టండి. ముఖం, ఛాతీ, భుజం మూతి పైకి రాకుండా మీరు పక్కకు నిలబడాలి. చెకుముకి తుపాకీలో గుర్రం పూర్తిగా కిందికి వాలి ఉండి, దాని ముందున్న ఉక్కు మూత తెరిచి ఉండాలి. అప్పుడు రాయి రాసుకునేందుకు ఉక్కే ఎదురుగా ఉండదు, గుండు దిగేటప్పుడు గాలి నిప్పు రంధ్రం గుండా బయటికి పోతుంది. క్యాప్ తుపాకీలో నిపుల్ మీద క్యాప్ లేకుండా, గుర్రం సగం ఎత్తి ఉండాలి. గిన్నెలో రంజకం పోసిన తరువాతో, నిపుల్‌కు క్యాప్ తొడిగిన తరువాతో గొట్టంలో దట్టించడం ఏ కారణం చేతనూ చెయ్యకూడని పని.

మందును కొమ్ము నుంచో డబ్బా నుంచో నేరుగా గొట్టంలోకి వంచవద్దు. ముందటి వేటు నుంచి మిగిలిన నిప్పురవ్వ ఒకటి గొట్టంలో ఉంటే, మీ చేతిలోని డబ్బా మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. డబ్బాలోంచి విడి కొలత గొట్టంలోకి, దాని మూతి అంచుతో సమానంగా పోసి, డబ్బా మూసి పక్కన పెట్టి, ఆ తరువాతే కొలతను తుపాకీలోకి వంచండి. అప్పుడు అంటుకున్నా ఒక్క వేటుకు సరిపడా మందే మండుతుంది. మందు పోసిన తరువాత గొట్టం బయట అరచేత్తో రెండుసార్లు తట్టితే మందు అడుగున సర్దుకుంటుంది.

ఇప్పుడు లేపనం రాసిన గుడ్డ ముక్కను మూతి మీద పరచి, మధ్యన గుండు పెట్టి, బొటనవేలితో అంచుదాకా నొక్కండి. గుండు మూతిలోకి దిగిన తరువాత పొట్టి కడ్డీతో ఒక జానెడు లోపలికి నెట్టి, అప్పుడు గజం తీసుకోండి. గజం చివరను అరచేతితో కప్పి నెట్టేవారిని రేంజ్‌లో ఎన్నోసార్లు ఆపాను. గజాన్ని మూతికి ఒక జానెడు పైన మాత్రమే వేళ్లతో పట్టుకోవాలి, జానెడు జానెడుగా దింపుతూ చెయ్యి మార్చుకుంటూ పోవాలి. పై కొసను పట్టి ఒక్కసారిగా నెడితే కర్ర గజం వంగి, నిలువునా చీలి, ఆ చీలిక చేతిలోకి దూరుతుంది. పైగా మందు ఆ క్షణంలో అంటుకుంటే గజం బయటికి వెళ్లే దారిలో మీ అరచెయ్యి ఉంటుంది. కర్రలా చీలిపోనిది కావాలంటే ఇత్తడి కొస ఉన్న కృత్రిమ పీచు గజాలు దొరుకుతాయి. నాకు వాటి మీదే నమ్మకం.

గుండు మందుకు తాకగానే చేతికి గట్టిదనం తెలుస్తుంది. అక్కడ స్థిరంగా, ప్రతిసారీ ఒకే బలంతో నొక్కండి. గజాన్ని ఎత్తి ఎత్తి వేస్తూ అది ఎగిరిపడితే గుండు కూర్చున్నట్టని చెప్పే పాత పద్ధతి ఒకటుంది. దానివల్ల మెత్తటి సీసం సొట్టపోతుంది, మందు గింజలు నలుగుతాయి, గురి పాడవుతుంది. గీత అంచుకు వచ్చిందో లేదో చూస్తే చాలు, ఎగరేసి చూడనక్కరలేదు.

గుడ్డ లేకుండా వట్టి గుండు వాడేవారు మందు మీద గట్టి అట్ట బిళ్ల, దాని మీద ఉన్ని బిళ్ల, గుండు, ఆ పైన పల్చటి అట్ట బిళ్ల అనే క్రమం పాటిస్తారు. ఈ చివరి బిళ్లను తక్కువ చేసి చూడకండి. గుండు ముందుకు దొర్లకుండా పట్టి ఆపేది అదే. ఈ పద్ధతిలో ఉన్ని బిళ్ల మందం కూడా కలుస్తుంది కాబట్టి రెండో గీత వేరే చోట పడుతుంది. రెండు పద్ధతులూ వాడేవారు రెండు గజాలు పెట్టుకోవడమే మేలు. ఏ పద్ధతిలోనైనా దట్టించిన తుపాకీ మూతిని కాసేపు కిందికి వంచి ఉంచవలసి వస్తే, పేల్చే ముందు గీతను మరోసారి చూడండి.

గజాన్ని బయటికి తీసి దాని చోట పెట్టండి. ఇది చెప్పనవసరం లేని మాటలా కనిపిస్తుంది కానీ, తొందరలో గజాన్ని గొట్టంలోనే మరచి పేల్చేవారున్నారు. అప్పుడు గజం బాణంలా దూసుకుపోవడమే కాక, గొట్టానికి మోయలేని భారం పడుతుంది.

రంజకం, పేల్చడం

రేంజ్ అధికారి అనుమతి ఇచ్చి, మీరు కాల్పుల గీత దగ్గర, మూతి లక్ష్యం వైపు తిప్పి నిలబడిన తరువాతే రంజకం పొయ్యాలి లేదా క్యాప్ పెట్టాలి. గుర్రాన్ని సగం ఎత్తి ఉంచి, గిన్నెలో మూడో వంతు దాకా సన్న మందు పోసి, ఉక్కు మూత వాల్చండి. గిన్నె నింపితే త్వరగా అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నిప్పు రంధ్రం మందుతో మూసుకుపోతే అది వత్తిలా నెమ్మదిగా కాలుతుంది. మీ కుడి పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి. నిప్పు రంధ్రం నుంచి మంట ఆ వైపుకే చిమ్ముతుంది. అప్పుడు గుర్రం పూర్తిగా ఎత్తి, గురి చూసి, మీట నొక్కండి. చెకుముకి తుపాకీలో మీట నొక్కిన తరువాత ఒక లిప్తపాటు ఆలస్యం ఉంటుంది కాబట్టి, శబ్దం వచ్చాక కూడా గురి మీదే కన్ను ఉంచాలి.

పేలకపోతే

గుర్రం పడి, మందు పేలకపోతే, మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండండి. మీ రేంజ్ నియమం రెండు నిమిషాలంటే రెండే. నెమ్మదిగా రాజుకునే మందు ఆలస్యంగా పేలుతుంది. తరువాత నిప్పు రంధ్రాన్ని తీగతో పొడిచి, కొత్త రంజకం పోసి, మళ్లీ ప్రయత్నించండి. క్యాప్ తుపాకీలో పాత క్యాప్ తీసి కొత్తది పెట్టాలి. రెండు మూడు ప్రయత్నాలకూ పేలకపోతే, మందు పొయ్యడం మరచిపోయి ఉండవచ్చు. గీతను బట్టి అది తేలిపోతుంది. ఆ స్థితిలో నిప్పు రంధ్రం గుండానో, నిపుల్ విప్పిన చోటు గుండానో కొద్దిపాటి సన్న మందు లోపలికి పంపి, గుండును గజంతో మళ్లీ అడుగుదాకా నొక్కి, గజం తీసి, లక్ష్యం వైపు పేల్చితే గుండు బయటపడుతుంది.

గుండు సగం దారిలో ఇరుక్కుని, ఎంత నొక్కినా కిందికి దిగకపోతే, దాన్ని పేల్చి బయటికి పంపాలన్న ఆలోచన వచ్చిన చోటే ఆపండి. వ్యాసం మొదట్లో చెప్పిన ఖాళీ ఇదే, ఇంకా పెద్దది. రంజకం తీసేసి, నిప్పు రంధ్రం గుండా నీళ్లు పంపి మందును పూర్తిగా తడిపి, కొసకు మర ఉన్న లాగుడు కడ్డీని గుండులోకి తిప్పి వెనక్కి లాగాలి. లాగేటప్పుడు కూడా మూతి ఎదురుగా శరీరం ఉండకూడదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో గుండును బయటికి నెట్టే చిన్న పరికరం దొరికితే అది ఇంకా సులువు. దాన్ని వాడేటప్పుడూ మూతి మట్టికట్ట వైపే.

ఇరుక్కోవడానికి అసలు కారణం చాలావరకు మసి. ఈ మందు కాలిన తరువాత సగానికి పైగా గట్టి పదార్థంగా మిగిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో అది గొట్టానికి పెంకులా పట్టేస్తుంది. వానాకాలంలో అదే మసి గాలిలోని తేమను పీల్చి బురద అవుతుంది, మరుసటి వేటు మందును తడిపేస్తుంది. రెండు కాలాల్లోనూ విరుగుడు ఒకటే: ప్రతి వేటు తరువాత ఒక నిమిషం ఆగి, కొద్దిగా తడిపిన గుడ్డ ఒకటి, ఆ వెంటనే పొడి గుడ్డ ఒకటి అడుగుదాకా నడిపించండి. తడి గుడ్డ లోపల మిగిలిన నిప్పురవ్వలను కూడా ఆర్పుతుంది. వేట్లు లెక్కపెట్టి అయిదారింటికి ఒకసారి తుడుద్దామనే పద్ధతి నాకు నచ్చదు. గజం దిగేటప్పుడు గరగరమన్న రాపిడి చేతికి తగిలిందంటే తుడవడం అప్పటికే ఆలస్యమైంది.

ముగించేటప్పుడు

దట్టించిన తుపాకీతో రేంజ్ వదలకండి. చివరి వేటు లక్ష్యం వైపు పేల్చేయండి, లేదా పైన చెప్పిన పద్ధతిలో లాగేయండి; ఆ తరువాత గజం వదిలి ఖాళీ గీత మూతి అంచుకు వచ్చిందని మీరూ, మరొకరూ చూడండి. రంజకపు గిన్నె తుడిచి, ఉక్కు మూత తెరిచి, సంచిలో కట్టిన తరువాతే కారులో పెట్టాలి. మందు డబ్బాను ఎండలో ఆపిన కారులో వదలి భోజనానికి వెళ్లకండి.

ఇంటికి చేరిన అదే సాయంత్రం గొట్టాన్ని కడగాలి. నూనెతో తుడిస్తే సరిపోదు. మసిలోని లవణాలు నీళ్లలోనే కరుగుతాయి. వేడి నీళ్లలో కాస్త సబ్బు కలిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా గజానికి చుట్టిన గుడ్డతో నడిపించి, పొడి గుడ్డలతో తడి పూర్తిగా పోయేలా తుడిచి, పల్చగా నూనె రాయండి. మరునాడు ఉదయం ఒక తెల్ల గుడ్డ లోపలికి పంపి చూడండి. గోధుమరంగు వస్తే తుప్పు మొదలైనట్టు, మళ్లీ కడగాలి. జూలై, ఆగస్టు నెలల్లో ఈ రెండో తనిఖీ తప్పకుండా చెయ్యవలసి వస్తుంది. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కునేదాకా ఏమీ తినకండి. గుండ్లు పోతపోసే మూకుడును వంటింట్లోకి ఎన్నడూ రానీయకండి, తోమి ఇచ్చినా సరే.